ముద్ర కొట్టిన చెయ్యి

మంగళవారం ఉదయం, పది గంటలకు ఇంకా పన్నెండు నిమిషాలుంది. తెల్లవారుతూ మొదలైన సన్నవాన తొమ్మిదిన్నరకు ఆగింది. గాలి లేదు. మబ్బు మాత్రం రేకుల కప్పుకు ఆనుకుందా అన్నంత కిందికి దిగి, కదలకుండా ఉంది. కొలిమిలో నిప్పు లేక అప్పటికి ఐదు రోజులు.

నిప్పు ఆరడానికి కారణం ఒక కొక్కెం. గురువారం నాడు రేవులో రెండో క్రేను ఒక ఇంజను పెట్టెను ఎత్తుతుండగా కొక్కెం తెగింది. పెట్టె పన్నెండడుగుల ఎత్తునుంచి పడింది. కింద నిలబడ్డ కూలీ, ఎవరో పిలిస్తే ఒక్క అడుగు పక్కకు వేశాడు గనుక బతికాడు. భుజం ఎముక మాత్రం విరిగింది. తెగిన కొక్కెం మీద ఈ కొలిమి ముద్ర కనిపించింది: గుండ్రటి గీత, అందులో మూడు మంట నాలుకలు. ఆ సాయంత్రమే రేవు పరీక్షకుడు వచ్చి, విచారణ తేలేదాకా కొలిమి వెలిగించరాదని తలుపుకు కాగితం అంటించి వెళ్ళాడు.

పాఠకులకు ఇప్పుడే చెప్పవలసిన, పరీక్షకుడికి తెలియని సంగతి ఒకటుంది. రేవు నిబంధన ప్రకారం ముద్ర కొట్టే అర్హతను కొలిమికి ఇవ్వరు, మనిషికి ఇస్తారు. ఇక్కడ ఆ అర్హత కొలిమి యజమాని అయిన పెద్దాయన ఒక్కడిది. పెద్దకొడుకు సరుకు రేవుకు చేరవేస్తాడు. చిన్నకొడుకు ఓడల మీద ఇంజను మనిషి, ఏడాదిలో రెండు నెలలే ఇంటిపట్టున ఉంటాడు. పదకొండేళ్ళు మామగారి పక్కన నిలబడి పని నేర్చింది చిన్నకోడలు. కొక్కేలు ఆమే చేస్తుందని వీధంతా ఎరుగును. అందులో తప్పు లేదు. అయితే చేసిన ప్రతి కొక్కేన్నీ తిప్పి చూసి, నచ్చితే ఒకే ఒక్క దెబ్బతో ముద్ర కొట్టవలసింది మాత్రం పెద్దాయనే.

మూడేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ముద్ర రెండుగా పడింది, మసకకళ్ళకు ఒకే దీపం రెండుగా కనిపించినట్టు. ఆయన ఆ కొక్కేన్ని తుక్కు గుట్టలో పారేసి, ముద్ర ఉలిని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసి, "ఇక ముద్ర సరుకు మానేద్దాం అమ్మాయ్" అన్నాడు. కోడలు సరేనంది గానీ మానలేదు. మానితే రేవువాళ్ళు కొక్కేలు మరోచోట కొంటారు. మరోచోట ఎలా చేస్తారో ఆమెకు తెలుసు. అర్హత పత్రం మీది బొమ్మ చూసి, నాలుగు ఆదివారాలు కూర్చుని తనే ఒక ఉలి చెక్కుకుంది. మామగారు భోజనానికి లేచి వెళ్ళే అరగంటలో ముద్రలు కొట్టేది. ఇది ఎరిగిన వాడు, ఆమెకు తెలిసినంతలో, సమ్మెట మనిషి ఒక్కడే.

అందుచేత ఈ ఐదు రోజులూ ఆమెకు నిద్ర లేదు. తెగింది తన చేతి కొక్కెమే అయితే, ఒక మనిషి భుజం విరగ్గొట్టింది తనే. మామగారి నలభై ఏళ్ళ పేరును మట్టిపాలు చేసిందీ తనే.

పరీక్షకుణ్ణి వీధిలో అందరూ భూతద్దం అంటారు. జేబులోంచి అది తియ్యకుండా ఆయన పలకరింపుకు కూడా బదులు చెప్పడని ప్రతీతి. ఆయన చేతిబండి మీద గోనెపట్టాలో చుట్టిన సరుకుతో గుమ్మంలోకి వచ్చాడు.

"దయచెయ్యండి బాబూ," అని సమ్మెట మనిషి బల్ల తుడిచాడు. "కొలిమి చల్లగా ఉంది కాబట్టి కూర్చోమంటున్నాను. మామూలు రోజుల్లో ఆ బల్ల మీద కూర్చున్నవాడు మా ఊళ్ళో దూకుడు పందేల్లో గెలిచాడు."

పరీక్షకుడు నవ్వలేదు. గోనెపట్టా విప్పాడు. లోపల మూడు కొక్కేలు. మూడింటినీ నిలువునా రెండు చెక్కలుగా కోయించి, కోసిన ముఖాన్ని అద్దంలా నునుపు పట్టించి తెచ్చాడు.

"ఇది మొన్న తెగింది. ఇది పదేళ్ళ కిందట మీ దగ్గర కొన్నది. ఇది పోయినేడాది కొన్నది. మూడింటి మీదా మీ ముద్ర ఉంది. ఇప్పుడు మీ కళ్ళ ముందే యాసిడ్ పూస్తాను. ఆ తర్వాత ఎవరూ నేను అబద్ధం రాశానని అనకూడదు."

పెద్దాయన గుమ్మం పక్కన తన కుర్చీలోనే ఉన్నాడు. వణికే కుడిచేతిని ఎడమచేత్తో ఒడిలో పట్టుకుని, "కానివ్వండి," అన్నాడు. "నా కళ్ళకు అంత దూరం ఆనదు. ఏం కనిపిస్తే అది పైకి చెప్పండి."

యాసిడ్ పని చెయ్యడానికి పదినిమిషాలు పట్టింది. నునుపు ముఖాల మీద మొదట బూడిదరంగు కమ్మింది. ఆ బూడిదరంగులోంచి నెమ్మదిగా గీతలు తేలాయి, తడి ఆరుతున్న చెక్కలో నార తేలినట్టు.

"ఇనుముకీ నార ఉంటుందండీ," అన్నాడు పెద్దాయన, అడక్కుండానే. "చెట్టుకొమ్మ తనంత తాను వంగితే లోపలి నార కూడా వంగుతుంది. అదే చెక్కపలకలో కొమ్మ ఆకారం గీసి రంపంతో కోస్తే? ఆకారం వస్తుంది. నార తెగుతుంది. తెగిన నార బరువు మొయ్యదు. కొలిమిలో కాల్చి కొట్టి వంచడమంటే నారకు దారి చూపించడం, అంతే."

కోడలి కళ్ళు మూడో కొక్కెం మీదనే ఉన్నాయి. పోయినేడాదిది. తనది. దాని గీతలు పైన తాడు దూర్చే కన్ను దగ్గర విడిపోయి, కిందికి దిగి, వంపు లోపలి అంచున దగ్గర దగ్గరగా చేరి, కొస దాకా ఒక్కటీ తెగకుండా నడిచాయి. పదేళ్ళనాటి దాంట్లోనూ అంతే. తెగిన కొక్కెంలో మాత్రం గీతలన్నీ ఒకే దిక్కుకు నిటారుగా సాగి, వంపు దగ్గర అంచుకు తగిలి ఆగిపోయాయి. సరిగ్గా అక్కడే అది తెగింది.

"దళసరి రేకులోంచి మంటతో కోసి తీశారు," అన్నాడు పరీక్షకుడు. "దీన్ని ఎవరూ సమ్మెటతో తాకనే లేదు. ఇది మీ పని కాదు."

కోడలు పక్కనే ఉన్న దాగలి ఇనుపదిమ్మ మీద చెయ్యి ఆనించుకుంది.

"కమ్మరివీధిలో సూదులమ్మిన మొనగాడెవడో!" అన్నాడు సమ్మెట మనిషి. "నిప్పు రాజెయ్యమంటారా బాబూ?"

"ఆగు." పరీక్షకుడు మూడో కొక్కెం చెక్కను చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. "ఈ రేవులో పదహారేళ్ళుగా చూస్తున్నాను. వంపు లోపల నార ఇంత చిక్కగా పట్టిన కొక్కెం నేను చూడలేదు. పదేళ్ళనాటి దానికంటే ఇదే మేలు." ఆ మాట అంటూనే భూతద్దం తీసి ముద్ర మీద పెట్టాడు. తర్వాత రెండో దాని మీద. తర్వాత తెగిన దాని మీద. మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఇదేమిటి?" అన్నాడు.

పదేళ్ళనాటి ముద్రలో నడిమి మంట నాలుక కొసన చిన్న నొక్కు ఉంది. తెగిన కొక్కెం ముద్రలోనూ అచ్చం అదే నొక్కు, అదే చోట. పోయినేడాది ముద్రలో నొక్కు లేదు. మూడు నాలుకలూ నిండుగా, నిటారుగా, బొమ్మలో గీసినట్టే ఉన్నాయి.

కోడలికి ఆ క్షణంలోనే తన పొరపాటు తెలిసింది. ఉలి చెక్కేటప్పుడు పాత కొక్కేల మీది నొక్కును ఆమె చూడకపోలేదు. అది వాడకంలో అరిగిందనుకుంది. అరిగినదాన్ని ఎందుకు చెక్కడమని, బొమ్మలో ఉన్నట్టే నిండుగా చెక్కింది. తప్పును దిద్దుతున్నాననుకుని, దొరికిపోవడానికి కావలసిన గుర్తును తనే పెట్టింది.

"నకలెప్పుడూ అసలు కంటే అందంగా ఉంటుంది," అన్నాడు పరీక్షకుడు నిదానంగా. "ఈ నొక్కు లేనిది దొంగ ముద్ర. ఎవరో మీ ఉలిని పోలిన ఉలి చేయించారు. నా పని ఇప్పుడు తేలికైంది. నొక్కు లేని కొక్కేలన్నీ ఈ సాయంత్రంలోగా దింపించేస్తాను. నొక్కు ఉన్నవాటిని ఉంచుతాను. తెగిన దానికీ నొక్కు ఉంది గనుక దాని సంగతి విడిగా చూసుకోవాలి. బహుశా ఒక్కటే పొరపాటున కలిసి ఉంటుంది."

పెద్దాయన ఎడమచెయ్యి చాపాడు. "తెగింది ఒకసారి ఇటివ్వండి."

ఇచ్చారు. ఆయన బొటనవేలితో ముద్రను తడిమాడు. ఒకసారి. ఇంకోసారి. ముఖం ఇనుము చల్లారినట్టు రంగు మారింది. కోడలు అది చూసింది గానీ, పేరు పోయిన బాధే అనుకుంది.

ఆమె ఆలోచన మరోచోట ఉంది. పరీక్షకుడి మాటలో ఆమెకు తప్పించుకునే దారి ఉంది. ఎవరో దొంగ ఉలి చేయించారు. ఆ ఎవరో ఎప్పటికీ దొరకరు. మామగారి అర్హత నిలుస్తుంది. కొలిమి మళ్ళీ వెలుగుతుంది. ఆమె చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం. కానీ దాని వెనక వచ్చేదేమిటి? సాయంత్రానికి ఈ మూడేళ్ళలో తను చేసిన నాలుగువందల పన్నెండు మంచి కొక్కేలు కిందికి దిగుతాయి. నొక్కు ఉన్నవి పైన వేలాడుతూనే ఉంటాయి. అందులో రేకు కొక్కేలు ఎన్నో ఎవరికీ తెలియదు. ఒకటి తెగింది. ఒకే ఒక్క కొక్కెం కోసం మంటతో రేకు కోసే మనిషి ఎవడూ ఉండడు. మిగిలిన ప్రతిదాని కిందా ఎవరో ఒక కూలీ నిలబడతాడు. అందరినీ సరైన సమయానికి ఎవరో ఒకరు పక్కకు పిలవరు.

"అవి దింపకండి," అంది.

"ఎందుకని?"

"నొక్కు లేనివన్నీ నేను చేసినవి. ముద్ర కొట్టింది నేను. ఆ ఉలి చెక్కింది కూడా నేనే."

సమ్మెట మనిషి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "సోదికెళ్తే పాత రంకు బయటపడ్డట్టు... ఎందుకు తల్లీ, మాట దాటిపోయిందిగా!"

పరీక్షకుడు భూతద్దం మడిచాడు. "అంటే దొంగ ముద్ర అని ఒప్పుకుంటున్నారు."

"ముద్ర దొంగదే. సరుకు దొంగది కాదు. మీరే చూశారు కదా. తెగినదాని మీద ఉన్నది అసలు ముద్ర. కాబట్టి మీరు దింపాల్సింది నొక్కు ఉన్నవాటిని. ఈ మూడేళ్ళలో రేవుకు చేరిన నొక్కు కొక్కెం ప్రతిదీ అనుమానించండి. ఎందుకంటే మూడేళ్ళుగా మావయ్య ఆ ఉలి ముట్టుకోలేదు."

ఆమె తలుపుకు అంటించిన కాగితం వైపు చూసింది, అంతే. దాని మీద రేపు మరో కాగితం పడుతుందని ఆమెకు తెలుసు. అందులో తను చేసిన తప్పు రాసి ఉంటుందనీ తెలుసు.

పరీక్షకుడు పెద్దాయన వైపు తిరిగాడు. "మీకు తెలుసా ఇది?"

కోడలు తల దించుకుంది. ఈ ప్రశ్నకే ఆమె మూడేళ్ళుగా భయపడింది.

"మొదటి నెలలోనే తెలుసు," అన్నాడు పెద్దాయన.

"మావయ్యా!"

"కళ్ళు పోయాయి గానీ బొటనవేలు పోలేదు కదమ్మాయ్. నా ఉలి మొన నలభై ఏళ్ళ కిందట, నాకు పని కొత్తలో, ఈ దాగలి మీద పడి విరిగింది. మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నొక్కు లేని ముద్ర నా వేలికి తగిలితే నాకు తెలియదా?"

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే మానేసేదానివి." ఆయన ఎడమచేతి బొటనవేలు ఎత్తి చూపించాడు. "కొక్కెం మొత్తం తడిమాను. కంటి దగ్గర నుంచి కొస దాకా. నా చేతిలో ఎప్పుడూ కుదరని వంపు అది. ముద్ర కొట్టడానికి నాకు అర్హత కాగితం ఉంది, నీకు చెయ్యి ఉంది. ఏం చెయ్యను? అందుకే అరగంట లేచి వెళ్ళేవాణ్ణి. నాకు అన్నం తినడానికి పదినిమిషాలు చాలు. మిగతా ఇరవై నిమిషాలూ వంటింటి అరుగు మీద కూర్చుని నీ సుత్తి చప్పుడు వినేవాణ్ణి. ఒకే దెబ్బ. ఏ రోజూ రెండో దెబ్బ వినపడలేదు."

ఆమె ఏడవలేదు. పైటచెంగుతో దాగలిని తుడిచింది, అక్కడ తుడవవలసిందేమీ లేకపోయినా.

పరీక్షకుడు చెడ్డవాడు కాదు. కానీ జాలిని రుజువుగా రాసుకునే వీలు లేని ఉద్యోగం ఆయనది.

"ఇవి ఇంటి మాటలు," అన్నాడు. "మంచి కొక్కేలు ఈవిడ చేసినవేనని నేను ఏ కాగితం మీద రాయను? నాకు చెయ్యి చూపించాలి. ఇప్పుడు. నా ఎదుట ఒకటి చెయ్యండి. ఆ నార చూసుకున్నాకనే ఏవి దింపాలో చెబుతాను." లేచి వెళ్ళి తలుపు మీది కాగితాన్ని తన చేత్తోనే చింపాడు.

పదకొండుంబావుకు నిప్పు రాజుకుంది.

చూసేవాళ్ళకు కొలిమి పనిలో బలం కనిపిస్తుంది. నిజానికి ఆ బలమంతా సమ్మెట మనిషిది. కోడలి చేతిలో ఉన్నది చిన్న సుత్తి. దానితో ఆమె ఎక్కడ తట్టి చూపిస్తే అక్కడ సమ్మెట పడాలి. ఎంత గట్టిగా తడితే అంత గట్టిగా పడాలి. సుత్తి దాగలి మీద వట్టినే మోగితే ఆగాలి. మాట ఉండదు. పరీక్షకుడు మొదట గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత గడియారం జేబులో పెట్టేశాడు.

కమ్మీ నిమ్మపండు రంగుకు వచ్చింది. ఇంకొక్క క్షణం ఉంచితే రవ్వలు రాల్చి కాలిపోతుంది. ఆమె ఆ క్షణానికి ముందే పటకారుతో తీసింది. కొస సాగగొట్టింది. మళ్ళీ నిప్పు. కన్ను పొడిచింది, లోహాన్ని తవ్వి పారెయ్యకుండా, పక్కలకు జరుపుతూ. మళ్ళీ నిప్పు. దాగలి కొమ్ము మీద ఆనించి వంచేటప్పుడు మాత్రం సమ్మెటను ఆపించి, తనే చిన్న చిన్న దెబ్బలతో, నిద్రపోతున్న పిల్లను ఇటు నుంచి అటు తిప్పినంత నెమ్మదిగా తిప్పింది.

"ఇక్కడే తొందరపడతారు అందరూ," అన్నాడు పెద్దాయన, చప్పుడును బట్టి. "ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లు తప్పవంటారు గానీ, ఎక్కడ తప్పించాలో తెలిసినవాడే కమ్మరి."

"తెలిసినదే అనండి," అన్నాడు పరీక్షకుడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

ఒంటిగంటా నలభైకి వంపు పూర్తయింది. ఇక ముద్ర. ముద్ర పడవలసింది కొక్కెం దానిమ్మగింజ ఎరుపులో ఉన్నప్పుడు. అంతకు ముందైతే చెదురుతుంది, దాటితే పట్టదు. మధ్యలో ఉండేది ఇరవై ముప్పై లెక్కపెట్టేంత వ్యవధి.

"రెండు ఉలులూ కావాలి నాకు," అన్నాడు పరీక్షకుడు. "అసలుది కూడా తియ్యండి. రెండూ పక్కపక్కన కొట్టండి. వాటి అచ్చులు కాగితం మీద తీసి నా చిట్టాలో అతికించుకుంటాను."

కోడలు కొక్కేన్ని చివరిసారి నిప్పులో పెట్టింది. "మావయ్యా, తాళంచెవి."

పెద్దాయన లేవలేదు.

"మావయ్యా, రంగు వస్తోంది."

అప్పుడు ఆయన మొలతాటి ముడి వెతుక్కున్నాడు. ముడి ఒక పట్టాన ఊడిరాలేదు. ఆ సమయానికే రేవు నుంచి పెద్దకొడుకు వచ్చాడు. నిప్పు వెలగడం చూసి గుమ్మంలో ఆగి, "ఏమైంది నాన్నా, తేలిపోయిందా?" అన్నాడు. సమ్మెట మనిషి పెద్దాయన చేతిలోంచి తాళంచెవి అందుకుని, గోడవారనున్న పెట్టె తెరిచాడు. కోడలు ఎర్రటి కొక్కేన్ని దాగలి మీద పెట్టి, ఎడమచెయ్యి వెనక్కి చాపింది, ఉలి కోసం.

చేతిలో ఏమీ పడలేదు.

"ఖాళీ," అన్నాడు సమ్మెట మనిషి.

"నేను తియ్యలేదు," అన్నాడు పెద్దకొడుకు వెంటనే.

"మిమ్మల్ని ఎవరూ అడగలేదండీ," అన్నాడు పరీక్షకుడు, ఆయన వైపు పూర్తిగా తిరుగుతూ. "గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు తడుముకుంటున్నారు? రేవుకు సరుకు చేరవేసేది మీరే కదూ?"

"నాకిచ్చింది నేను చేరవేశాను! నాకేం తెలుసు, కొక్కేల్లో నార చూడ్డానికి నేను కమ్మరినా? నాన్నా, నువ్వు చెప్పు!"

దాగలి మీద కొక్కెం దానిమ్మగింజ రంగు దాటి, ఎండిన నెత్తుటి రంగులోకి వెళ్ళింది. తన ఉలి పక్కనే ఉన్నా, దాన్ని అందుకోవాలని కోడలికి తోచలేదు.

"వాణ్ణి వదిలెయ్యండి," అన్నాడు పెద్దాయన. గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఉలి తీసింది వాడు కాదు, నేను. పోయినేడాది వానాకాలంలో తీసి ఇచ్చాను. ఒక్క నెలకని అడిగితే ఇచ్చాను, తిరిగి రాలేదు. ఎవరికిచ్చానో చెబుతాను, ఏదీ దాచను. కానీ ముందు ఈ అమ్మాయిని బయటికి పంపండి."

"నేనెందుకు వెళ్ళాలి మావయ్యా?"

ఆయన మూడేళ్ళలో మొదటిసారి, కోడలి వైపు తిప్పిన ముఖాన్ని మళ్ళీ పక్కకు తిప్పుకున్నాడు.

పోయినేడాది వానాకాలంలో ఓడ దిగి ఆ ఇంట్లో రెండు నెలలు ఎవరున్నారో, అడిగితే పెద్దాయన కాదనలేని మనిషి ఎవరో లెక్క వేసుకోవడానికి ఆమెకు ఎక్కువ సేపు పట్టలేదు. పటకారు కింద పెట్టింది. పరీక్షకుడు గుమ్మం వైపు చెయ్యి చూపించాడు, మర్యాదగానే. ఆమె రెండడుగులు వేసి, పెద్దాయన వదిలిన కుర్చీని లాక్కుని, అందరి మధ్యా కూర్చుంది.

"చెప్పండి మావయ్యా," అంది. "వింటాను."

కొక్కెం అప్పటికి పూర్తిగా నల్లబడింది. ఆ సాయంత్రం పరీక్షకుడు దాన్ని కోయించలేదు, నొక్కు ఉన్నవాటినే దింపించాడు. ముద్ర లేకుండానే, తన సంతకం మీద రేవుకు తీసుకువెళ్ళాడు. అది రెండో క్రేనుకు ఇరవై రెండేళ్ళు పనిచేసింది.